ఫొటోలో బతికిన తోట

మలికిపురం దగ్గర మా బాబాయిగారి కొబ్బరితోటలోకి కొన్నేళ్ల కిందట సముద్రపు పోటుకి మురుగుకాలవ ఎగదన్ని ఉప్పునీరు చేరింది. చెట్లు ఒక్కొక్కటే ఎండిపోసాగాయి.

"చెబితే ఎవరూ నమ్మట్లేదురా. నీ కెమెరాతో ఓ మంచి ఫొటో తియ్యి, చూస్తే నమ్ముతారు" అన్నారాయన.

నాకు అప్పట్లో హెచ్‌డీఆర్ పిచ్చి. ఒకే దృశ్యాన్ని చీకటిగా, మామూలుగా, వెలుతురుగా తీసి కంప్యూటర్లో కలిపేస్తే నీడలో ఉన్నవి కూడా తేటగా కనిపిస్తాయి, రంగులూ మెరిసిపోతాయి. ఎండిన ప్రతి మట్టా కనబడాలని సాయంత్రం ఎండలో అలాగే తీశాను. పెద్ద ప్రింటు వేయించి నష్టపరిహారం అడగడానికి ఇద్దరం అమలాపురంలో రెవెన్యూ ఆఫీసుకి పట్టుకెళ్లాం.

ఆఫీసరుగారు చూసి మురిసిపోయారు. "అబ్బ, ఈ చెరువూ, ఆ బంగారురంగు ఆకులూ! ఇదెక్కడండీ?"

"మా తోటేనండి. అది చెరువు కాదండి, ఉప్పునీరు. చెట్లు చచ్చిపోతన్నాయండి" అన్నారు బాబాయిగారు.

"ఇంత కళగా ఉంటే చచ్చిపోవడం ఏంటండీ?"

నేను కల్పించుకుని, "కంప్యూటర్లో కలిపేనండి, అందుకే అలా..." అన్నాను.

ఆయన మొహం మారిపోయింది. "కంప్యూటర్లో చేసేరా? మరి దీన్ని ఎలా నమ్మమంటారండీ?"

"ఆయ్" అని బాబాయిగారు ఫొటో చుట్టేశారు. బస్సులో మళ్లీ విప్పి చాలాసేపు చూసుకున్నారు. "పోన్లేరా. బాగున్న రోజుల్లో ఇలాగే ఉండేది."

ఇప్పుడక్కడ మొండాలే మిగిలాయి. ఆ ఫొటోకి అద్దం కట్టించి వసారాలో పెట్టుకున్నారు. తోట ఎలా ఉందని ఎవరైనా అడిగితే, ఆయన దాన్నే చూపిస్తారు.