శాంతరాజుగారింట్లో గుర్రం

శాంతరాజుగారికి చప్పుడు చెయ్యని వస్తువంటే గిట్టదు. మామూలు గిట్టకపోవడం కాదు. చప్పుడు చెయ్యని యంత్రం గడప దాటి లోపలికొచ్చిందంటే, ఆయన దృష్టిలో దొంగ గోడ దూకినట్టే లెక్క. దాని మెడకో కాలికో ఏదో ఒకటి కట్టి, దానికి నోరు తెప్పించేదాకా ఆయనకి నిద్ర పట్టదు. ఇంత సందడి మనిషికి చూస్తూ చూస్తూ శాంతరాజు అని పేరు పెట్టినందుకు బాప్తిస్మం ఇచ్చిన పాస్టరుగారు తర్వాత నొచ్చుకున్నారని గుడివాడలో ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఆయన వృత్తి కూడా చప్పుళ్ళే. తెరమీద గుర్రం దౌడు తీస్తుంటే చీకటి గదిలో కూచుని రెండు కొబ్బరి చిప్పలు బోర్లించి ఆడించింది ఆయనే. చేటలో శనగలు పోసి వాన కురిపించారు. రేకు ఊపి ఉరిమించారు. కథానాయకుడి గుద్దులన్నీ నిజానికి పాత తోలుసంచీ తిన్నవే. మద్రాసులో మొదలుపెట్టి, పరిశ్రమ వెంట మూటాముల్లే సర్దుకుని హైదరాబాదు చేరి, చివరికి ఫిల్మ్ నగర్ ఎత్తుమీద ఒక అపార్టుమెంటులో రెండో అంతస్తులో స్థిరపడ్డారు. ఉద్యోగం ఆయన్ని వదిలేసింది. ఆయన దాన్ని వదల్లేదు.

ఆ ఇంటి కోడలు కరుణాకుమారిది బీమా కంపెనీలో పని. ఆఫీసు నగరానికి అవతలి కొస. పోను రెండు గంటలు, రాను రెండున్నర. ఆరు నెలలు ఇంటినుంచే పని చేసుకోమని అనుమతి ఇస్తూ పై అధికారి త్రిపురసుందరి అడిగింది, "కరుణా, మీ ఇంట్లో నిశ్శబ్దంగా ఉంటుందా?"

"ఉంటుంది మేడమ్" అంది కరుణ ధైర్యంగా. పాపం, అప్పటికి ఇంట్లో యంత్రాలకి ఇంకా నోళ్ళు రాలేదు.

నవంబరులో చలి మొదలయింది. చలితోపాటు మావగారి జబ్బూ ముదిరింది.

మొదట స్కూటరు. కరుణ కొనుక్కున్నది కరెంటు బండి. మంచు దట్టంగా పట్టిన ఒక పొద్దున, సెల్లారులో పాల ప్యాకెట్లు పట్టుకుని వస్తున్న అత్తగారు మేరీ పక్కనుంచి ఆ బండి జానెడు ఎడంలో పోయింది. ఒక ప్యాకెట్ జారిపడి పగిలింది. "నేనే చూసుకోలేదులే అమ్మా" అంది మేరీగారు. మర్నాడు కరుణ బండి తీస్తే వెనక చక్రం ఫటఫటఫటమంది. చువ్వల మధ్య అట్టముక్క! వాచ్‌మన్ హనుమంతు ఉలిక్కిపడి లేచి, గేటు రెండు రెక్కలూ తెరిచి సెల్యూట్ కొట్టాడు.

"ఏంది మేడమ్ గిది, బుల్లెట్ కొన్నరా?"

"కాదు హనుమంతూ. మా మావయ్యగారు."

"గట్లనా! జర ముందుగాల చెప్పొద్దా మేడమ్? అసోసియేషన్ ప్రెసిడెంట్ సార్ బండి అనుకొని ఉట్టిగ సెల్యూట్ కొట్టిన."

కరుణ వెనక్కొచ్చి నడుంమీద చెయ్యి వేసుకుంది. "మావయ్యగారూ, ఈ బండి కొన్నదే చప్పుడు ఉండదని!"

"అదేనమ్మా దాని అవలక్షణం" అన్నారు శాంతరాజుగారు మఫ్లరు సర్దుకుంటూ. "చెప్పా పెట్టకుండా మీదికొచ్చేది బండైనా చుట్టమైనా నాకు పడదు."

తరువాత ఊడ్చే యంత్రం. అది కొన్నవాడు కొడుకు బెన్‌హర్. ఇతనిదీ తండ్రి వృత్తే గానీ కొబ్బరి చిప్పలు లేవు, లాప్‌టాప్ ఉంది. అందులో పన్నెండువేల చప్పుళ్ళున్నాయి.

"వాన కావాలంటే ఒక్క నొక్కు నాన్నా" అన్నాడొకసారి గొప్పగా.

"ఏ ఊరి వాన?"

"వానకి ఊరేంటి?"

"పెంకుల మీద పడేది వేరు, రేకుల మీద పడేది వేరు. కృష్ణానగర్‌లో షూటింగు లేని రోజు పడే వాన పూర్తిగా వేరు. నీ డబ్బాలో ఉన్నది ఎవడో దొరగారి గొడుగు మీద పడ్డ వానరా."

బెన్‌హర్ నవ్వేశాడు. నవ్వేసి, ఆ వారంలోనే తల్లి చేట, సేరు శనగలు దొంగతనంగా గదిలోకి పట్టుకుపోయి తలుపేసుకున్నాడు. ఆ సంగతి అటుంచుదాం.

ఊడ్చే యంత్రం పళ్ళెంలా గుండ్రంగా ఉంటుంది. దానంతటదే కుర్చీల కిందా మంచాల కిందా దూరి ఊడ్చుకుంటూ పోతుంది. చప్పుడు రాని రకమని ఏరికోరి తెచ్చాడు. తెచ్చిన మూడోనాటికి దాని వెనక రెండు కొబ్బరి చిప్పలు వేలాడుతున్నాయి. టకటక, టకటక. ఇంట్లో గుర్రం తిరగడం మొదలైంది. శాంతరాజుగారు దారం పొడుగు రెండుసార్లు సరిచేశారు కూడా. "ఇది నడక. దౌడు పెడితే ఇల్లు చిన్నదైపోతుంది" అని వివరం చెప్పారు.

ఆ వెంటనే బాల్కనీ అద్దం తలుపుకి ఆవు మెడగంట కట్టారు. తలుపు ఏ కాస్త కదిలినా, గాలి వీచినా, గణగణ. చివరికి, పండగా కాదు, పుట్టినరోజూ కాదు, ఒక మంగళవారం నాడు కరుణ చేతిలో వెండి పట్టీలు పెట్టారు. ఒక్కో మువ్వ శనగగింజంత.

"నీ నడక మరీ మెత్తనమ్మా. నీకు సౌండు ట్రాకు లేదు."

"నేను యంత్రాన్ని కాదు మావయ్యగారూ" అని నవ్వి, ఒక్కరోజు పెట్టుకుని బీరువాలో దాచేసింది కరుణ.

నిజం చెప్పుకోవాలంటే ఆయన వాదంలో కొంత సారం లేకపోలేదు. ఒకప్పుడు ఇంట్లో ప్రతి వస్తువూ పలకరించేది. రేడియో గొంతు సవరించుకుని గానీ మాట్లాడేది కాదు. ఫ్యాను మూలిగేది. గ్రైండరు వీధికంతా రేపటి ఇడ్లీల సంగతి చెప్పేది. ఇప్పటి యంత్రాలు మర్యాద ఎక్కువై నోరు మూసుకున్నాయి. లోపల ఏమనుకుంటున్నాయో తెలీదు. కాకపోతే, ఈ ఆలోచన బస్సులో కిటికీ పక్క కూచుని చేసుకోవడానికి బాగుంటుంది. గుర్రం కాళ్ళ మధ్య తిరుగుతుండగా బీమా లెక్కలు చూసే మనిషికి బాగుండదు.

ఇక పొయ్యి. మేరీగారు నలభై డిసెంబర్లుగా క్రిస్మస్ పిండివంటలు తన చేత్తోనే చేస్తోంది. కజ్జికాయలు, గులాబీ పువ్వులు డబ్బాలకి డబ్బాలు. ఫిల్మ్ నగర్ మెట్ల దారి మొదలుకుని యూసుఫ్‌గూడలో శాంతరాజుగారి పాత జట్టు దాకా పంచాలి. ఆ బాణలి దగ్గర ఇంకో మనిషి నిలబడ్డానికి వీల్లేదు. అలాంటామె, కరుణ మంటలేని ఇండక్షన్ పొయ్యి తెచ్చిపెడితే, చిత్రంగా అడ్డు చెప్పలేదు. "మంట లేదుగా, మంచిదేనమ్మా" అంది.

శాంతరాజుగారికే నచ్చలేదు. "మొదట్లో కీచుమని ఒక్క అరుపు, తర్వాత సమాధి. ఉందో పోయిందో ఎలా తెలుస్తుంది?" అని పొయ్యి పక్కనుంచి గాలి వదిలే కన్నాల దగ్గర ఒక రంగు జిలుగు కాగితం అతికించారు. పొయ్యి వెలిగితే చాలు, కాగితం చిటపటలాడుతుంది. అచ్చం ఎండుకట్టెలు మండినట్టే. సినిమాల్లో ఆయన ఎన్ని గుడిసెలు తగలబెట్టారో ఆ కాగితంతోనే!

డిసెంబరు రెండో శుక్రవారం త్రిపురసుందరి వీడియోలో కూచుంది. కరుణ అంకెలు చెబుతోంది. వెనకనుంచి టకటక, టకటక.

"కరుణా, మీరు ఊళ్ళో లేరా?"

"ఉన్నాను మేడమ్, ఫిల్మ్ నగర్‌లోనే."

"మరి గుర్రం?"

"ఊడ్చే మెషీను మేడమ్."

గణగణ.

"ఆవు కూడానా?"

"బాల్కనీ తలుపు మేడమ్."

"ఏదో తగలబడుతోంది కరుణా, ముందు వెళ్ళి చూడండి!"

"పొయ్యి మేడమ్. అందులో అసలు మంటే లేదు."

త్రిపురసుందరి కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "సోమవారం మళ్ళీ కూచుందాం. అప్పుడూ ఇలాగే ఉంటే జనవరి నుంచి ఆఫీసుకి వచ్చెయ్యండి."

కరుణ లాప్‌టాప్ మూసి నేరుగా మావగారి కుర్చీ ముందు నిలబడింది. "సోమవారం లోపల ఇవన్నీ తీసెయ్యాలి మావయ్యగారూ. లేకపోతే ఇంటినుంచి పని చేసే అనుమతి పోతుంది."

శాంతరాజుగారు తల గోక్కున్నారు. "పండగ దాటనీ అమ్మా. ఆ తర్వాత ఒక్క చిప్ప మిగిలితే నన్నడుగు."

"పండక్కీ కొబ్బరి చిప్పలకీ ఏం సంబంధం?"

ఆయన వంటింటి వైపోసారి చూశారు. "ఉందిలే" అని మఫ్లరులో మూతి దాచుకున్నారు.

శనివారం మధ్యాహ్నం ఆయన ఖాళీ డబ్బాల కోసం యూసుఫ్‌గూడలో పాత మిత్రుడు లక్ష్మయ్య ఇంటికి వెళ్ళారు. బెన్‌హర్ స్టూడియోలో ఉన్నాడు. మేరీగారు కునుకు తీస్తోంది. కరుణ కత్తెర తీసుకుంది. చిప్పలు, గంట, జిలుగు కాగితం అన్నీ ఒక సంచీలోకి పోయాయి. ఇల్లు పత్రికలో బొమ్మలా ప్రశాంతంగా తయారైంది. కరుణ సోఫాలో కూలబడి ఆ నిశ్శబ్దాన్ని వేడి టీలా తాగింది.

మేరీగారు లేచి, బాల్కనీలో ఎండబెట్టిన కొబ్బరి కోరు తెచ్చుకోవడానికి బయల్దేరింది. నేరుగా వెళ్ళి, మూసి ఉన్న అద్దానికి నుదురు తాకించుకుంది. టప్. ఒకడుగు వెనక్కేసి, ఏమీ జరగనట్టు జుట్టు సవరించుకుని, గంట ఉండాల్సిన చోట గాలిలో తడిమింది.

కరుణ టీ చల్లారిపోయినట్టయింది.

మేరీగారు వంటింట్లోకి వెళ్ళి బాణలి పెట్టి పొయ్యి నొక్కింది. వంగి చెవి ఒగ్గింది. ఆపింది. మళ్ళీ నొక్కింది. పొయ్యి మీద ఎర్రటి అంకెలు బజారు దీపాల్లా వెలుగుతున్నాయి. "ఏమయిందే నీకు? గొంతు పోయిందా?" అని దాన్నే అడిగింది.

అంతలో ఊడ్చే యంత్రం సడి లేకుండా ఆమె మడమల వెనక్కి వచ్చేసింది. కరుణ ఒక్క అంగలో దూకి దాన్ని చంటిపిల్లలా ఎత్తుకుంది. మేరీగారు గిర్రున తిరిగింది. ఇద్దరి మధ్యా మూరెడు దూరం.

"ఎవరది? బెన్‌హరా?"

"నేనత్తయ్యా."

"నువ్వా! ఎప్పుడొచ్చావే, గుండె ఆగింది."

"పొయ్యి మీద అంకె ఎంతుందత్తయ్యా?"

"అంకెలు చూసి వండే వయసా నాది?"

"ఎన్నాళ్ళ నుంచి?"

మేరీగారు కొంగుతో చేతులు తుడుచుకుంది. అవి తడిగా లేవు. "నవంబరు నుంచి. శుక్లాలమ్మా, రెండు కళ్ళకీ. జనవరి మూడున ఆపరేషన్‌కి మీ మావయ్య పేరు రాయించారు. ఇప్పుడే చేయించుకుంటే నెల్లాళ్ళు పొయ్యి మొహం చూడొద్దన్నాడు డాక్టరు. పండక్కి ముందు ఎలా కుదురుతుంది?"

"నాతో చెప్పొచ్చుగా?"

"చెబితే ఈ బాణలి ముట్టుకోనిస్తావా?"

కరుణ నిజమే చెప్పింది. "ఇవ్వను."

"అందుకే. ఎవ్వరికీ చెప్పనని ఆయనచేత బైబిలు మీద ఒట్టేయించుకున్నాను. సరేనన్నారు పెద్దమనిషి. అని, మర్నాటినుంచి ఇంట్లో గుర్రాన్ని తిప్పడం మొదలెట్టారు."

కరుణకి నవ్వొచ్చింది. చేతిలో యంత్రం ఇంకా చక్రాలు తిప్పుకుంటూనే ఉంది. "ఆయన ఒట్టు అలాగే ఉండనీండి అత్తయ్యా. నేను ఏమీ చూడలేదు."

అప్పుడు మొదలైంది అసలు హడావుడి. సంచీ బోర్లించింది. ఏది ఎక్కడిదో గుర్తు లేదు. కింద ఆటో ఆగిన చప్పుడైంది. హనుమంతు "సలాం పెద్దసార్, గిన్ని డబ్బాలేంది?" అంటున్నాడు. దొరికింది దొరికినట్టు కట్టేసింది. జిలుగు కాగితం చిరిగిపోతే బెన్‌హర్ తినేసిన చిప్స్ ప్యాకెట్ కత్తిరించి పొయ్యికి అతికించింది.

శాంతరాజుగారు గుమ్మంలో డబ్బాలతో ఆగిపోయారు. రికార్డింగు థియేటరులో లాగా కళ్ళు మూసుకుని విన్నారు.

"హాల్లో ఆవు నడుస్తోంది" అన్నారు. "బాల్కనీలో గుర్రాన్ని కట్టేశారు. వంటింట్లో ఏకంగా అడవి తగలబడుతోంది. ఎవరమ్మా ఈ ఎఫెక్ట్స్?"

"దుమ్ము దులుపుదామని తీశాను మావయ్యగారూ. మళ్ళీ కట్టేశాను."

ఆయన కోడలి వైపు చూశారు. భార్య నుదుటిమీద ఎర్రటి మచ్చ చూశారు. డబ్బాలు మెల్లిగా కింద పెట్టారు. "పర్వాలేదు. తొలి ప్రయత్నం కదా. నేను సరిచేస్తాలే" అని నేలమీద చతికిలబడి ఆవు మెడలోంచి గంట విప్పసాగారు.

బీరువా తలుపు తెరుచుకున్న సడి. కాసేపటికి గదిలోంచి ఘల్లు, ఘల్లు, ఘల్లు. ఆయన చెయ్యి ముడి మీద ఆగిపోయింది.

"ఇది నేను కట్టింది కాదే" అని గొణుక్కున్నారు.

వంటింట్లోంచి, వెనక్కి తిరక్కుండానే, మేరీగారి కేక: "వస్తున్నావా కరుణా? రా, గులాబీ పువ్వుల అచ్చు పట్టుకో. నూనె కాగింది, నాకు వినిపిస్తోంది."

నలభై ఏళ్ళలో ఆ బాణలి పక్కకి ఇంకొకరికి పిలుపు రావడం అదే మొదలు.

సోమవారం కరుణ శాలువా కప్పుకుని, మావగారి మఫ్లరు చుట్టుకుని, డాబా మీద ఎండలో లాప్‌టాప్ తెరిచింది.

"ఇవాళ హాయిగా ఉంది కరుణా. గుర్రం ఏమైంది?" అంది త్రిపురసుందరి.

కరుణ కాలు మడిచి సర్దుకుని కూచుంది. ఘల్లు.

"ఏమిటది?"

"నేనే మేడమ్."

త్రిపురసుందరి చాలాసేపు నవ్వి, అనుమతి ఇంకో ఆరునెలలు పొడిగించింది. ఎత్తుమీద చలిగాలిలో ఆ డిసెంబరంతా కరుణకి ముక్కు కారుతూనే ఉంది.

పండగ దాటింది. ఆపరేషన్లు రెండూ అయ్యాయి. శాంతరాజుగారు మాట నిలబెట్టుకుని చిప్ప తర్వాత చిప్ప విప్పేశారు. గంట అటకెక్కింది. స్కూటరు మళ్ళీ మూగదైంది. హనుమంతు సెల్యూట్ మానేశాడు. ఫిబ్రవరిలో ఒక పొద్దున, నల్ల కళ్ళద్దాలు నెత్తిమీదికి తోసుకుని మేరీగారు కోడల్ని ఆ చివరి గదినుంచే చూసింది.

"కనిపిస్తున్నావులేవే. పట్టీలు తీసెయ్యి ఇంక."

ఘల్లుఘల్లుమంటూ వచ్చి కరుణ అంది, "ఎలా తీస్తానత్తయ్యా? చప్పుడు చెయ్యని వస్తువు ఇంట్లో ఒకటున్నా మావయ్యగారికి నిద్ర పట్టదుగా."

కుర్చీలో మఫ్లరు కప్పుకున్న మావయ్యగారు అప్పటికే గుర్రు పెడుతున్నారు.