అరటితోటలో బేగం

కోయిలకుంట్లలో పెళ్ళి ఊరేగింపు వస్తుంటే బ్యాండుమేళం కన్నా ముందు జులేఖా బీ కనిపించేది. యాభై దాటిన సన్నటి మనిషి. నెత్తిన కొంగు జారకుండా చూసుకుంటూ, తెల్లగుర్రం పగ్గం పట్టుకుని, పెళ్ళికొడుకు ఉలిక్కిపడకుండా మెల్లగా నడిపించేది. భర్త హుసేన్ వలి ఉన్నన్నాళ్ళూ అది ఆయన పని. ఆయన పోయాక గుర్రాన్ని ఎవరికైనా ఇచ్చేయమని చుట్టాలంతా చెప్పారు. కొన్నాళ్ళకు ఆమె లాయంలోకి వెళ్ళి, జూలు దువ్వి, జీను కట్టి, తనే పెళ్ళికి తోలుకుపోయింది. ఆడమనిషి గుర్రం పట్టుకు నడవడం జనం కొన్నాళ్ళు వింతగా చూశారు, తర్వాత మానేశారు.

గుర్రం పేరు బేగం. పేరుకు తగ్గట్టే అది బురదలో కాలు పెట్టేది కాదు, ఉలవలు సరిగా ఉడక్కపోతే మూతి తిప్పుకునేది.

ఆ ఏడాది మాఘమాసంలో ఒక ఊరేగింపులో ఎవరో దాని కాళ్ళ దగ్గరే టపాకాయల సరం అంటించారు. బేగం బెదిరి పక్కకు దూకింది. ముందరి కుడికాలు మురుగుకాలువ మీద పగిలిన బండల సందులో దిగబడింది. పెళ్ళికొడుకు జారి జనం చేతుల్లో పడ్డాడు, అతనికేమీ కాలేదు. బేగం మాత్రం ఆ కాలు నేలకు ఆనించలేక, ఒళ్ళంతా వణుకుతూ నిలబడిపోయింది.

పశువుల డాక్టరు లక్ష్మీదుర్గ వచ్చి మోకాలి కింద నుంచి గిట్ట దాకా వేళ్ళతో తడిమి చూసింది.

"నరం తెగలేదమ్మా, చిట్లింది" అంది.

"మళ్ళా పెండ్లికొడుకుని మోస్తాదా డాక్టరమ్మా?"

"అది ఇప్పుడే చెప్పలేను. నడుస్తాదనే అనుకుంటాండా. ఏడాది దాకా పట్టొచ్చు. రోజూ పారే చల్లని నీళ్ళలో కాసేపు నిలబెట్టల్ల. వాపు తగ్గినాక మెత్తని నేల మీద రవ్వంత రవ్వంత నడిపించల్ల. పరుగు మాత్రం వద్దు."

పారే చల్లని నీళ్ళన్న మాటకు జులేఖా బీకి ఆ బాధలోనూ నవ్వొచ్చింది. ఎండలు ముదిరితే కోయిలకుంట్లలో కుళాయి తిప్పితే కాగిన నీళ్ళే వస్తాయి. ఆ రోజంతా ఆలోచించింది. సాయంత్రానికి ఓబన్న గుర్తొచ్చాడు. మహానంది కింద అతనికి అరటితోట ఉంది. గుడి కోనేళ్ళ నుంచి పొంగి వచ్చే నీళ్ళు కాలువై ఆ తోటలోంచే పోతాయి. ఓబన్న పెళ్ళికి ఊరేగింది హుసేన్ వలి గుర్రం మీదే. ఫోన్ చేసి సంగతి చెప్పింది.

"తోలుకొని రాక్కా. తోటలో కొట్టం ఖాళీగానే ఉండాది. నీళ్ళకేముంది, నువ్వు వద్దన్నా పారతానే ఉంటాయి" అన్నాడు ఓబన్న.

అలా ఫాల్గుణంలో, మినీ లారీలో వరిగడ్డి పరిచి, బేగంతో పాటు తానూ వెనకాలే నిలబడి జులేఖా బీ మహానంది చేరింది.

ఆ తోటలోకి అడుగు పెట్టడం వేరే లోకంలోకి దిగినట్టే అనిపించిందామెకు. బయట నేల నెర్రెలు విచ్చి ఉంది. లోపల ఆకుల్లోంచి వడకట్టి దిగే వెలుతురు పచ్చగా ఉంది. ఆ వెలుతురులో తెల్లటి బేగం కూడా లేతపచ్చగా కనిపించింది. కాలువలో నీళ్ళు ఎంత తేటగా ఉన్నాయంటే అడుగున గులకరాళ్ళ మీద చేపపిల్లల నీడలు కదిలేవి. బేగం ముందు నీళ్ళను వాసన చూసింది. తరువాత ఒక్కో కాలే దించి, పెద్దగా ఊపిరి వదిలింది.

పొద్దునా సాయంత్రమూ ఇద్దరూ ఆ నీళ్ళలో నిలబడేవాళ్ళు. మిగతా వేళల్లో జులేఖా బీ అరటాకులు కోసి, తడి గోనెలో చుట్టి, హోటళ్ళకు పోయే కట్టలు కట్టేది. ఓబన్న భార్య సుబ్బక్క ఆమెకు ఆకు చిరగకుండా కోయడం నేర్పింది. దూరంగా గుడిగంట, దగ్గరగా నీటి చప్పుడు. పారే నీటిని అలాగే చూస్తుంటే కాలువ ఆగిపోయి, తానూ గుర్రమూ ఎటో తేలిపోతున్నట్టుండేది. అలాంటప్పుడు హుసేన్ వలి గట్టు మీద కూర్చుని బీడీ వెలిగించుకుంటున్నట్టు అనిపించేది. ఆమె తల తిప్పేది కాదు. తిప్పితే ఉండడని తెలుసు.

వాపు దిగాక నడక మొదలైంది. డాక్టరమ్మ నిమిషాల లెక్క చెప్పింది గానీ జులేఖా బీ దగ్గర గడియారం లేదు. చెట్లను లెక్కపెట్టింది. తొలిరోజు మూడు చెట్ల దాకా పోయి వెనక్కి. వారం గడిచాక ఇంకో రెండు. బేగం కుంటుతూనే నడిచేది. అది అడుగు వేసినప్పుడల్లా ఆమె తల కూడా దానితో పాటే ఊగేది. ఆషాఢానికి ఒక సాలులోని చెట్లన్నీ దాటి చివరిదాకా నడిచారు.

అప్పుడే ఒక పొరపాటు జరిగింది. ఒక పొద్దున నీళ్ళలో నిలబడి జులేఖా బీ కునుకు తీసింది. వేళ్ళలో పగ్గం వదులైంది. అరటిగెల మీదికి కోతుల గుంపు దూకింది. బేగం ఒక్క ఉదుటున గట్టెక్కి పరుగెత్తింది. దాన్ని పట్టుకునేసరికి సాలు చివర ఉంది. మర్నాటికి కాలు మళ్ళీ వాచింది, ముట్టుకుంటే వేడి.

మూడు రోజులు జులేఖా బీ కొట్టం వదిలి రాలేదు. సుబ్బక్క రాగిసంగటి తెచ్చి పెడితే అలాగే ఆరిపోయింది.

"నేనే చెడగొట్టినా. నేను నిద్రపోకుంటే ఇది ఇట్లా అయ్యేదా?" అంది చివరికి.

"నువ్వు మనిషివి కాదాక్కా? పొద్దుమానం నీళ్ళలో నిలబడితే ఎవరికైనా కన్ను మూతపడదా?" అని సుబ్బక్క పక్కన కూర్చుంది. ఓబన్న మాత్రం దూరంగా నిలబడి, "ఎన్ని దినాలని కష్టపడతావక్కా. దాన్నట్లా తోటలో వదిలేయ్, మేము చూసుకుంటాం" అన్నాడు. మంచికే అన్నాడు.

ఆ మధ్యాహ్నం బేగం కొట్టంలో నిలబడి నిద్రపోతోంది. జులేఖా బీ దాని కాళ్ళకేసి చూసింది. దెబ్బ తగిలినప్పటి నుంచి బేగం నిద్రలో కూడా ఆ కాలును ముందుకు చాపి, బరువంతా రెండో కాలి మీదే ఉంచేది. ఇప్పుడు వాచి ఉన్నా, ముందరి రెండు కాళ్ళూ సమంగా నేల మీద ఆనాయి. బాగున్న గుర్రంలాగే వెనకకాలు ఒకటి మాత్రం సడలించి, కింది పెదవి వేలాడేసి నిద్రపోతోంది. ఆ కాలిని అది నమ్ముతోంది.

జులేఖా బీ లేచి వెళ్ళి, ఆరిపోయిన సంగటి మొత్తం తినేసింది. సాయంత్రం బేగంను నీళ్ళలోకి దింపింది. వాపు దిగేదాకా ఆగి, మళ్ళీ మూడు చెట్ల దగ్గర మొదలుపెట్టింది.

శ్రావణం, భాద్రపదం వానల్లో గడిచాయి. చలి వచ్చింది. ఎండాకాలం చల్లగా ఉన్న ఆ నీళ్ళే ఇప్పుడు గోరువెచ్చగా ఉండి, పొద్దున్నే కాలువ మీద పొగలాంటి ఆవిరి లేచేది. అందులో బేగం వీపు దాకా మాయమై, మెడా జూలూ మాత్రమే కనిపించేవి. వచ్చిన కొత్తలో జులేఖా బీ మొలకలుగా చూసిన అరటి పిలకలు ఇప్పుడు ఆమె తలను మించాయి.

పుష్యమాసంలో లక్ష్మీదుర్గ నంద్యాలకు ఏదో పని మీద వచ్చి, తోటకూ వచ్చింది. బేగంను నడిపించి చూసింది, మెత్తని మట్టిలో కొద్దిగా ఉరికించి చూసింది. తర్వాత చాలాసేపు కాలు తడిమింది.

"మానిందమ్మా. నిజంగా మానింది. కానీ మనిషిని ఎక్కించొద్దు. తారురోడ్డు మీద ఆ బరువుకు ఈసారి నరం తెగుతాది."

ఏడాదిగా ఎదురుచూసిన మాటలో సగమే వచ్చింది. జులేఖా బీ బేగం మెడ నిమిరింది.

"అరటాకుల కట్టలు మోయచ్చునా?" అని అడిగింది.

డాక్టరమ్మ నవ్వింది. "ఆకులకేం బరువుంటాదమ్మా? మోయచ్చు."

లారీ మాట్లాడతానని ఓబన్న అన్నాడు. ఆమె వద్దంది. "నడిచే పోతామప్పా. నడక కోసమే కదా వచ్చింది." రెండు కట్టల ఆకులు బేగం వీపుకు అటూ ఇటూ కట్టారు. రోజుకు కొంచెం దూరమే, రోడ్డు దిగి, మెత్తని బండిబాట వెంట. నంద్యాల దాటాక నల్లరేగడి చేలల్లో శనగపైరు మంచుకు తడిసి, పులుపు వాసన వేస్తోంది. శనగచేను కాపలా ఉన్న ముసలాయన ఒకాయన, "పెండ్లి యాడమ్మా?" అని అడిగాడు.

"పెండ్లి లేదప్పా. ఇంటికి పోతాండాం" అంది జులేఖా బీ.

ఆరో రోజు పొద్దున మంచులోనే కోయిలకుంట్ల చేరారు. ఇప్పుడు ఆ చుట్టుపక్కల పెళ్ళిభోజనాలకు ఆకులు కావాలంటే జులేఖా బీకే కబురు పెడతారు. ఓబన్న తోట నుంచి లారీలో వచ్చే ఆకులను దింపుకుని, కట్టలు కట్టి, బేగం మీద వేసుకుని పందిరి దాకా నడిపించుకుపోతుంది. వంటవాళ్ళు కట్టలు విప్పుతుంటే బేగం వాళ్ళ భుజాల మీదుగా మెడ చాచి, ఒక లేత ఆకు లాక్కుని నిమ్మళంగా నములుతుంది.