దేవుని ముంతల మా బాపు ఏసిన పిడికెడు బియ్యం

మా చిన్నప్పుడు... పొయ్యి మీద ఎసరు పెట్టంగనే మమ్ముల కన్న మా అవ్వ చాటలకెళ్లి ముందుగాల ఒక పిడికెడు బియ్యం తీసి, పక్కనున్న మట్టి ముంతల పోసేది. అది దేవుని ముంత. ఆదివారం ఆ బియ్యం కొంగుల మూట కట్టుకోని ఎల్లారెడ్డి చర్చికి కానుక తీస్కపోయేది.

మాది నాగిరెడ్డిపేట దిక్కు. బాపు పొలాలల్ల కూలికి పోయేటోడు. ఆయనకు దేవుడు లేడు. మేమంత మోకాళ్ల మీద ఉంటే, ఆయన గడపల కూసోని చుట్ట తాగుకుంట నవ్వేటోడు.

"ఏమే, మీ దేవునికి మనకంటె ఎక్కువ ఆకలా? ఈ సోలెడు బియ్యంల గూడ వాటా గావాల్నా?"

"చాల్ తియ్యి. నీ బుక్కలకెళ్లి తీస్తలేను, నా బుక్కలకెళ్లి తీస్తున్న," అనేది అవ్వ.

నిజమే... ఆమెనే తక్కువ తినేది.

ఒక యేడు వానలు పడలె. కూలి దొరకలె. అవ్వకు జరమొచ్చి చాపల పడ్డది. నేనే వంట చెయ్యాలె. చాటల బియ్యం చూస్తే మాకే సాలేటట్టు లేవు... ముంతల వెయ్యకుంటనే ఎసట్ల పోయబోయిన. బాపు నా చెయ్యి పట్టుకున్నడు. తనే ఒక పిడికెడు తీసి ముంతల ఏసిండు.

"దేవుడు లేడంటవు గద బాపు..."

"నాకు లేడు బిడ్డా. మీ అవ్వకు ఉన్నడు. ఆమె లేసి చూస్తే ముంత కాలీ కనబడద్దు."

పానం పోయేదాక బాపు దేవుని పేరెత్తలె. దేవుడు లేడన్నోళ్లకు పైన జాగ లేదని పాస్టరయ్య చెప్పిండు. అప్పటికెళ్లి నాకు అదే రంది, అదే దిగులు... సచ్చిపోయిన అవ్వ పైన ఒక్కతే ఉన్నదా, బాపు ఏడున్నడో అని.

ఇప్పుడు ఆ రంది నా బిడ్డ సుగుణ మీదికొచ్చింది. అల్లుడు దవాఖానల ఉన్నప్పుడు పిల్ల మోకాళ్లు అరిగేటట్టు ప్రార్థన చేసింది. ఆయన దక్కలె. మట్టిల పెట్టొచ్చినంక బైబిలు అల్మారల పెట్టింది... మళ్ల తియ్యలె.

లింగంపేటల నా ఇంట్ల ఇప్పుడు మేమిద్దరమే. పొద్దంత ఎదురెదురు కూసోని బీడీలు చేస్తం. నా పెదవులు కదిలితే ప్రార్థన చేస్తున్ననని ఆమెకు ఎర్కయితది.

"అమ్మా, వినేటోళ్లు లేరే. నోరెందుకు నొప్పి చేసుకుంటవు?"

"లేనోని మీద ఎవరన్న అలుగుతరానే? అలిగినవంటె ఉన్నట్టే గద."

"అలిగే ఓపిక గూడ లేదమ్మా నాకు."



మా బాపు నవ్వుకుంట లేడనేటోడు. నా బిడ్డ ఏడుపు గూడ రాక అంటున్నది. గా నవ్వుకు నేను భయపడలె. దీనికి భయమైతుంది.

ఇప్పుడు పొయ్యి లేదు, ఎసరు లేదు, కుక్కర్ల వండుతం. ముంత పోయి ప్లాస్టిక్ డబ్బ వచ్చింది. రోజు రెండు పిడికిళ్లు ఏస్తున్న... ఒకటి నాది, ఒకటి సుగుణది. ఆమె చూస్తది. ఏమనది. వద్దని గూడ అనది. అదొక్కటే పట్టుకోని బతుకుతున్న.

కని నేను పోయినంక ఆమె పిడికెడు ఎవరేస్తరు? నేను పైన ఎదురుచూసుకుంట కూసుంటే, ఆమె రాకపోతే ఎట్ల?

దేవుని మీద మనసిరిగి, మళ్ల ఆయన దిక్కు తిరిగినోళ్లు మీ ఇండ్లల్ల ఎవరన్న ఉన్నరా... ఎట్ల తిరిగిన్రో చెప్పుండ్రి. చెప్పరాకుంటే, ఉన్నరని ఒక్క మాట రాయుండ్రి... నాకు గదే చాలు.