సీటు కింద బుస

నాలుగేళ్ల కిందట నాంపల్లిలోని ఒక కంటి ఆసుపత్రిలో, గేటు నుంచి వార్డు దాకా రోగులను చేరవేసే గోల్ఫ్ కార్ట్ నడిపేదాన్ని. దాని పాత లెడ్ బ్యాటరీలు పాడైపోతే, అబిడ్స్ నుంచి మెకానిక్ యాదయ్య వచ్చి లిథియం బ్యాటరీ బిగించాడు.

"అక్కా, కొత్త చార్జర్ ఎల్లుండి తెస్త. గప్పటిదాంక పాతది అస్సలు పెట్టకు. అది లెడ్ బ్యాటరీలది, పెట్టినవంటే గీ లిథియంది అంటుకుంటది, ఖతమే" అని మరీ మరీ చెప్పి వెళ్లాడు.

మర్నాడు పొద్దున్నే బండిలో చార్జింగ్ అయిపోవచ్చింది. రోగులు ఎండలో నిలబడి ఉన్నారు. గంటసేపు పెడితే ఏమవుతుందిలే అనుకుని పాత చార్జరే తగిలించాను.

మధ్యాహ్నం, కంటికి కట్టుతో ఉన్న ఒక పెద్దావిడను ఎక్కించుకున్నాను. సగం దారిలో ఏదో తియ్యటి ఘాటు వాసన వచ్చింది. క్యాంటీన్ నుంచేమో అనుకున్నాను. సీటు వెచ్చబడితే ఎండకనుకున్నాను. ఇంతలో ఆవిడ నా భుజం గట్టిగా పట్టుకుంది.

"బిడ్డా, ఏంది గిది? కింద పాము బుస కొట్టినట్టు అయితున్నది!"

అప్పుడు నాకూ వినిపించింది. బండి ఆపి, ఆవిడను దాదాపు ఎత్తుకుని గోడవైపు పరుగెత్తాను. వెనక్కి తిరిగేసరికి సీటు కింద నుంచి తెల్లటి పొగ, దాని వెంటే మంట. మేం కూర్చున్న చోటు మా కళ్లముందే కరిగిపోయింది.

తప్పు నాదేనని ఆ సాయంత్రమే మేనేజరుకు చెప్పాను. ఉద్యోగం పోయింది. కానీ ఆ పెద్దావిడ నా తల నిమిరి, "నువ్వు లేకుంటే నా పానం పోతుండె బిడ్డా" అన్నప్పుడు మాత్రం పాత చార్జర్ సంగతి దాచేశాను. ఆ రోజు ఆమెకు చెప్పలేని మాట ఇవాళ ఇక్కడ రాస్తున్నాను.