పెద్దకోడలి ఆర్డరు

ఆ ఇంటి చిన్నకోడలు బర్గర్ల షాపులో చేరి రెండేళ్లు దాటింది. కార్లలో వచ్చేవాళ్లు బయటున్న స్పీకరు పెట్టె దగ్గర ఆగి ఏం కావాలో చెబుతారు. ఆవిడ లోపల హెడ్‌సెట్ తగిలించుకుని, విన్నది విన్నట్టు కంప్యూటర్లో కొడుతుంది. పక్క కిటికీ దగ్గర ఇంకొకరు పొట్లం అందిస్తారు. మనుషులు కనిపించరు, గొంతులే వినిపిస్తాయి. ఆ గొంతులతోనే ఊరి గుట్టు సగం ఆవిడకు తెలిసిపోయింది. పళ్ల డాక్టరు రోజూ మధ్యాహ్నం మూడు ఐస్‌క్రీములు కొంటాడు, మూడూ తనకే. జిమ్ము నడిపే కండలాయన ఉల్లిపాయ రింగులు అడిగేటప్పుడు గొంతు తగ్గించేస్తాడు. ఆవిడకూ ఓ బలహీనత లేకపోలేదు. వేడివేడి ఫ్రైస్ వెనిలా ఐస్‌క్రీములో ముంచుకుని, సరుకుల గదిలో అట్టపెట్టెల చాటున నిలబడి తింటుంది.

అలా చాటుగా తినడం ఆరేళ్ల అలవాటు. ఆ అలవాటు చేసింది తోడికోడలు, ఆ ఇంటి పెద్దకోడలు.

అప్పట్లో థైరాయిడ్ వల్ల చిన్నకోడలికి ఒళ్లు బాగా వచ్చింది. మామగారి రిటైర్మెంటు విందులో కేకు ముక్క నోట్లో పెట్టుకోబోతుంటే పెద్దకోడలు వచ్చి ప్లేటు లాక్కుంది. "చాల్లేవే తల్లీ! మనుషుల సంగతి సరే, ఆ కుర్చీ మీదైనా కాస్త జాలి చూపించు" అంది. హాలంతా గొల్లుమంది. అందరికంటే పెద్దగా నవ్వింది చిన్నకోడలి మొగుడు. ఆ రోజు నుంచి ఆవిడ నలుగురిలో ముద్ద నోట్లో పెట్టలేదు.

పెద్దకోడలు తర్వాత ఒళ్లు తగ్గించే క్లాసు పెట్టింది. బర్గర్ల షాపుకు ఎదురుగా, మేడ మీద హాల్లో. మెట్ల పక్కన తన నిలువెత్తు ఫోటో, కింద "మూడు నెలల్లో మీ పాత బట్టలు మీకు పట్టేలా చేస్తాను" అన్న మాట. నలభై మంది ఆడవాళ్లు చేరారు. తోడికోడలు ఎదురుగానే పనిచేస్తోందని ఆవిడకు తెలీదు. "ఏదో హోటల్లో" అని విన్నది, ఏ హోటలో అడిగే ఓపిక చేసుకోలేదు.

ఒక మంగళవారం నాలుగింటికి హెడ్‌సెట్‌లో ఓ గొంతు పలికింది. "డబుల్ చీజ్ బర్గర్ ఒకటి, పెద్ద ఫ్రైస్, చాక్లెట్ షేక్. మయొనైజ్ ప్యాకెట్లు రెండు ఎక్కువ పడెయ్యమ్మా. కాస్త తొందరగా."

చిన్నకోడలి వేళ్లు మీటల మీదే ఆగిపోయాయి. నిద్రలో లేపి వినిపించినా గుర్తుపట్టే గొంతు అది. "అలాగేనండీ" అంది, గొంతు మార్చి.

శుక్రవారం నాలుగింటికి మళ్లీ అదే గొంతు, అదే ఆర్డరు. మళ్లీ మంగళవారం. ఐదింటికి క్లాసు, నాలుగింటికి బర్గరు. మూడు వారాలు విన్నది చిన్నకోడలు. మొగుడితో చెబుదామా అనుకుని మానుకుంది. చెబితే నవ్వి ఊరుకుంటాడు. ఆవిడకు కావలసింది ఆ నవ్వు కాదు.

నాలుగో వారం షాపువాళ్లు పనివాళ్లందరికీ సగం ధర కూపన్లు పంచమని ఇచ్చారు. ఆవిడ తన కట్ట తీసుకెళ్లి, మంగళవారం క్లాసు వదిలాక మెట్ల కింద నిలబడి, దిగిన ప్రతి మనిషి చేతిలో ఒకటి పెట్టింది. "శుక్రవారం ఒక్కరోజే అమ్మా, నాలుగు నుంచి ఐదు దాకా" అని మరీ మరీ చెప్పింది.

శుక్రవారం మూడున్నరకు కార్ల దారికి అడ్డంగా "స్పీకరు పనిచేయడం లేదు" అని బోర్డు పెట్టింది. స్పీకరుకు ఏ రోగమూ లేదు. కౌంటరు అమ్మాయితో "నువ్వెళ్లి ఫ్రైస్ సంగతి చూడు, ఇక్కడ నేనుంటాను" అంది. నాలుగయ్యేసరికి క్లాసువాళ్లు పదకొండు మంది తలో మూలా చేరారు. ఒకరికొకరు కనిపించనట్టు నటిస్తూ, మెనూ కార్డులు మొహాలకు అడ్డం పెట్టుకుని కూర్చున్నారు.

కార్ల దారి మూసి ఉండటంతో పెద్దకోడలు కారు దిగి లోపలికి వచ్చింది. నల్ల కళ్లద్దాలు, తలకు స్కార్ఫు. ఎటూ చూడకుండా తెర ఉన్న మిషను దగ్గర ఆర్డరు నొక్కి, నంబరు చీటీ తీసుకుని గోడకేసి తిరిగి నిలబడింది.

ట్రే సిద్ధమైంది. చిన్నకోడలు మైకు అందుకుంది.

"నలభై ఏడో నంబరు! డబుల్ చీజ్ బర్గరు, పెద్ద ఫ్రైసు, చాక్లెట్ షేకు, మయొనైజు రెండు ఎక్కువ! రా అక్కయ్యా, వారానికి రెండుసార్లు నువ్వు తీసుకెళ్లేదే!"

పెద్దకోడలు గిర్రున తిరిగింది. మెనూ కార్డులు ఒక్కొక్కటే కిందికి దిగాయి.

"టీచర్‌గారూ?" అంది ఒకామె, నోట్లో ముద్ద ఉండగానే.

"అది... మా పిల్లల కోసం" అంది పెద్దకోడలు.

"పిల్లలు హాస్టల్లో చేరి రెండు నెలలైంది కదక్కయ్యా!" చిన్నకోడలు ట్రే ముందుకు జరిపింది. "కూర్చుని తిను. ఇక్కడ నీ ప్లేటు ఎవరూ లాక్కోరు."

ఎవరో కిసుక్కున నవ్వారు. తర్వాత పదకొండు మందీ నవ్వారు. పెద్దకోడలు ట్రే అందుకోబోయింది. తొందరలో వేళ్లు తగిలి షేకు ఒలికింది. అన్నీ అక్కడే వదిలేసి వెళ్లిపోయింది.

ఆ నెల తిరిగేసరికి నలభై మందిలో తొమ్మిది మంది మిగిలారు. పెద్దకోడలు ఫోటో తీసేసి, క్లాసు ఊరి అవతలికి మార్చుకుంది. బోర్డు సంగతి బయటపడి మేనేజరు చిన్నకోడలికి హెచ్చరిక కాగితం ఇచ్చాడు. ఆవిడ చదవకుండానే సంతకం పెట్టింది. ఆ ఒలికిన షేకు అప్పుడప్పుడూ గుర్తొస్తుంది ఆవిడకు. గుర్తొచ్చినప్పుడు ఓ క్షణం మనసు చివుక్కుమంటుంది, ఆ వెంటనే పదకొండు మంది నవ్వూ చెవిలో పడుతుంది.

అత్తగారు ఫోన్ చేసి ఇంటి పరువు బజారున పడేశావని అరగంట తిట్టింది. స్పీకరు ఆన్ చేసి పక్కన పెట్టి, చిన్నకోడలు బట్టలు మడతపెట్టుకుంది.

ఫోన్ పెట్టేశాక మొగుడు అడిగాడు. "వదిన ఎప్పుడో ఏదో అందని ఇన్నేళ్లు కడుపులో పెట్టుకుంటావా? ఇంత కక్ష ఏంటే నీకు?"

"ఆ రోజు అందరికంటే గట్టిగా నవ్వింది మీరు" అందావిడ, చొక్కా మడత సరిచేస్తూ. "మీ వంతు ఇంకా రాలేదు."

హాస్యమేమోనని ఆయన ఆవిడ మొహంలోకి చూశాడు. ఆవిడ ఇంకో చొక్కా అందుకుంది.