కాళ్లకు నీళ్లు

ఏలూరు నుంచి తాడేపల్లిగూడెం వెళ్లే తొలి బండిలో నాకంటూ ఒక మూల ఉండేది. అక్కడ ఎవరైనా కూర్చుంటే మొహమాటం లేకుండా లేపేసేదాన్ని. గూడెంలో స్టేషను దగ్గర ఒక డాక్టరుగారి ఆస్పత్రిలో నేను కాంపౌండరును. మందులు కలపడం మిషను ఆస్పత్రిలో నేర్చుకున్నాను. ఆడమనిషి కలిపిన మందు తాగడానికి జనం మొదట్లో జంకారు. పోనుపోను "కాంపౌండరమ్మగారి చేత్తోనే ఇప్పించండి" అని అడిగేవారు. ఆ మాట వింటే నాకు ఎంత గర్వమో! దాచుకోవడం దేనికి?

నా భర్త పోయేనాటికి మా పాపకు ఏడాది నిండలేదు. దాన్ని ఏలూరులో మా అమ్మ దగ్గర ఉంచి పనిలో చేరాను. అది లేవకముందే వెళ్లి, నిద్రపోయాక వచ్చేదాన్ని. ఆదివారం ఒక్క పూట సెలవు. ఆ పూట చర్చికీ, బట్టలు ఉతుక్కోవడానికీ సరిపోయేది.

పాపకు నాలుగో ఏడు నడుస్తుండగా, డాక్టరుగారు పని ఖాయం చేస్తానన్న వారంలోనే మిషను డాక్టరమ్మగారి నుంచి కబురు వచ్చింది. కొల్లేటి ఊరొకదానిలో కొత్తగా తెరిచే డిస్పెన్సరీకి కాంపౌండరు కావాలట. ఉదయం పూటే పని, పక్కనే ఉండడానికి గది. జీతం మాత్రం సగం. వానాకాలంలో పడవ తప్ప దారి లేదు. క్వినైను, గజ్జి మందు, కంటి చుక్కలు తప్ప అక్కడ కలపడానికి ఏమీ ఉండదు.

"మతిగాని పోయిందా నీకు? పిల్లని ఆ దోమల్లో పడేస్తావా?" అంది మా అమ్మ. తను ఏలూరు వదిలి ఎక్కడికీ రానని కూడా చెప్పేసింది. అమ్మ మాట సబబే అనిపించింది. గూడెంలోనే ఉందామనుకున్నాను.

ఒకరోజు డాక్టరుగారు పెళ్లికి వెళుతూ మధ్యాహ్నమే ఆస్పత్రి మూసేశారు. ఎండ ఉండగానే ఇంటికి వచ్చాను. గుమ్మంలో ఆడుకుంటున్న పాప నన్ను చూసి గబగబా లోపలికి పరుగెత్తింది. రెండు చేతులతో చెంబు పట్టుకుని, దారంతా ఒలకబోస్తూ వచ్చి మెట్టు మీద పెట్టింది.

"కాళ్లు కడుక్కోండి. అమ్మమ్మ దొడ్లో ఉందండీ, పిలుస్తాను" అంది.

చుట్టాలొస్తే అలా చెయ్యాలని మా అమ్మ నేర్పింది. దొడ్లోంచి వచ్చి, "ఎంత బుద్ధిమంతురాలో చూడవే!" అని మురిసిపోయింది. కాళ్లు కడుక్కుంటూనే కొల్లేటికి వెళ్లాలని నిర్ణయం చేసేసుకున్నాను.

మర్నాడు చెబితే డాక్టరుగారు తల పట్టుకున్నారు. "తొందరపడకండమ్మా. అక్కడివాళ్లు సీసాడు మందూ ఒక్క గుక్కలో తాగేస్తారండీ."

"అలా తాగకూడదని నేర్పుతానండీ" అన్నాను.

పాపను తీసుకుని కొల్లేటికి వెళ్లాక చూస్తే, ఆయన అన్నంతా అయ్యేలాగే ఉంది. అప్పట్లో ఎవరి సీసా వాళ్లే తెచ్చుకునేవారు. కాగితం ముక్క అంచును పళ్లుగా కత్తిరించి సీసాకు అంటించేవాళ్లం, పూటకొక పన్ను చొప్పున తాగాలని. ఒకావిడ మందు పట్టుకెళ్లి, మూడో రోజున బొడ్లోంచి ఆ కాగితం తీసి నా చేతిలో పెట్టింది.

"పడవలో తడిసిపోద్దని ఊడదీసి దాచానండీ. మీ కాయితం భద్రంగా ఉందండీ."

"మరి మందు?"

"ఉజ్జాయింపుగా తాగేశామండీ."

నవ్వాలో నెత్తి కొట్టుకోవాలో తెలియలేదు. నేను ఓడిపోయేదాన్ని కాదు. ఆనాటి నుంచి కాగితం మానేసి, వలదారం తెప్పించి పూటకొక వరస చొప్పున సీసా చుట్టూ బిగించి కట్టాను. అది తడిసినా ఊడలేదు.

ఇంటి దగ్గర పని అంత తేలిగ్గా కాలేదు. రోజూ మధ్యాహ్నం నేను గుమ్మంలోకి రాగానే పాప చెంబుతో నీళ్లు తెచ్చి పెట్టేది, పక్కకు తప్పుకుని నిలబడేది. వద్దని నేను చెప్పలేదు. చెబితే మానేస్తుంది, కానీ నాకు కావలసింది అది కాదు. అన్నం కలిపి పెట్టాను, తల దువ్వాను, అల్లరి చేస్తే ఒకటి అంటించాను కూడా. వానలు పట్టి, చుట్టూ నీళ్లు తప్ప మరేమీ కనిపించని రోజులు వచ్చాయి.

అలాంటి ఒక మధ్యాహ్నం మోకాళ్ల దాకా బురదతో వచ్చాను. మెట్టు మీద చెంబు లేదు. పాప అరుగు మీద నత్తగుల్లలు పేర్చుకుంటోంది.

"కాళ్లకు నీళ్లేవే?" అన్నాను.

అది తలైనా ఎత్తలేదు. "కుండలో ఉన్నాయిగా, ముంచుకో. నాకు ఆకలేస్తంది, బేగా రా అమ్మా!"

బురదకాళ్లతోనే లోపలికి వెళ్లి దానికి అన్నం పెట్టాను.