మ్యూజియంలో మా నాయన వేలు

మా చిన్నప్పుడు... ధర్మవరంలో మా డ్రాయింగ్ సారు ఏడో తరగతి గోడలకు పాత క్యాలెండర్లు వరసగా తగిలించి, మమ్మల్ని వాటి ముందు నడిపించేవారు. చేతులు వెనక్కి కట్టుకోవాలి... గట్టిగా మాట్లాడకూడదు... ఒక్కో బొమ్మ ముందు మనసులో పది లెక్కపెట్టి ముందుకు కదలాలి... అన్నిటికన్నా ముఖ్యం, దేన్నీ ముట్టుకోకూడదు.

బెంగళూరులో బొమ్మల మ్యూజియం చూపిస్తామన్నారు. దానికి వారం రోజుల ముందు నుంచీ ఈ రిహార్సల్. దోమ కుట్టినా చెయ్యి ముందుకు రాకూడదా అని ఒకడు అడిగితే, సారు కాసేపు ఆలోచించి, రాకూడదనే చెప్పారు. ఆయన కూడా ఎప్పుడూ మ్యూజియం చూడలేదని మాకు తర్వాత తెలిసింది.

నేను క్లాసు లీడర్ని. ఎవరు ఏది ముట్టుకున్నా బాధ్యత నాదే. ఏ చిన్న గొడవ జరిగినా ఇక ముందు ఏ క్లాసునూ టూరుకు పంపేది లేదని హెడ్మాస్టరు ముందే చెప్పేశారు.

పిల్లలకు తోడుగా ఇద్దరు పెద్దవాళ్ళు కావాలంటే, మా నాయన మగ్గం ఆపి బయల్దేరాడు. నాయన పట్టుచీరలు నేసేవాడు. ముందురోజు సాయంత్రం ఆయనకూ రూల్సన్నీ అప్పజెప్పాను. బుద్ధిగా విని, ఒక్క మాట అడిగాడు.

"బాగుండాదని గట్టిగా చెప్పకపోతే, గీసినోళ్ళకు ఎట్లా తెలుస్తాది పాపా?"

రూల్సు మళ్ళీ మొదటి నుంచి చెప్పాను.

పొద్దున్నే రైలెక్కాం. పెనుకొండ దాటేలోపే అందరి చిత్రాన్నం పొట్లాలు ఖాళీ. హిందూపురం వచ్చేసరికి సారు మళ్ళీ రూల్సు అందుకున్నారు. ఎదురు సీట్లో ముక్కూ మొహం తెలియని పెద్దాయన కూడా చేతులు వెనక్కి పెట్టుకుని విన్నాడు...

మ్యూజియంలో నలభై మందిమి చేతులు వెనక్కి కట్టుకుని వరసగా నడుస్తుంటే, వచ్చినవాళ్ళు బొమ్మలు వదిలేసి మమ్మల్ని చూడసాగారు. కొందరు మనసులో లెక్కపెట్టడం చేతగాక పైకే అంకెలు చదువుతున్నారు.

మూడో గదిలో గోడకు నిలువెత్తు రంగుల బొమ్మ ఒకటి. ఎర్ర పట్టుచీర కట్టుకున్న ఆమె. దాని ముందు నాయన ఆగిపోయాడు. పది అయింది... వంద కూడా అయ్యుంటుంది. మెల్లగా వంగాడు. చేతులు వెనకే ఉన్నాయి గానీ, ముక్కు మాత్రం చీరకు జానెడు దూరంలో ఉంది.

కాపలా ఆయన పరుగెత్తుకొచ్చి, ముట్టుకున్నావంటూ కన్నడంలో కేకలేశాడు. ముట్టుకోలేదని నాయన తనకొచ్చిన కన్నడంలో చెప్పుకుంటున్నాడు. ఈ మనిషి ఎవరితో వచ్చాడని కాపలా ఆయన గదంతా వినబడేలా అడిగాడు.

చెప్పాల్సింది నేను. కూతుర్ని, పైగా లీడర్ని. కానీ నేను పక్కనున్న గుర్రం బొమ్మ వైపు తిరిగి ఒకటి, రెండు అని లెక్కపెట్టడం మొదలుపెట్టాను... ఆ గుర్రం నాకు ఇప్పటికీ బాగా గుర్తు.

గోల విని అక్కడి ఆఫీసరు మేడమ్ వచ్చింది. తెలుగు వచ్చినావిడే. అంత దగ్గరగా ఏం చూస్తున్నారని నెమ్మదిగా అడిగింది.

"చీర బాగా ఏసినాడు మేడమ్. కానీ ఈ కొంగు తిరగబడి ఉండాది కదా... ఎనకపక్క దారాలు కనపడాల. ఈయప్ప రెండుపక్కలా ఒకే మాదిరి ఏసినాడు."

మేడమ్ కళ్ళజోడు పెట్టుకుని చూసింది. ఇన్నేళ్ళుగా రోజూ దీని ముందు నుంచే పోతున్నా కనిపెట్టలేదని నవ్వేసింది. మా అందర్నీ పిలిచి చుట్టూ నిలబెట్టింది. జరీ ఎట్లా వేస్తారో, చీర వెనకపక్క ఎట్లా ఉంటుందో నాయన చెబుతుంటే సారు నోట్సు రాసుకున్నారు. నేను గుర్రాన్ని వదిలి మెల్లగా వచ్చి నాయన చొక్కా పట్టుకున్నాను. మా నాయన అని పక్కమ్మాయికి చెప్పాను కూడా, తనకు తెలియనట్టు.

తప్పు సరిగ్గా ఎక్కడ మొదలైందని మేడమ్ అడిగింది.

"ఇదో, ఈడ" అంటూ నాయన చూపుడువేలు చాపి కొంగు మీద పెట్టేశాడు. ఆనీ ఆననట్టు కూడా కాదు, నొక్కి మరీ.

మేడమ్ కళ్ళు మూసుకుంది. సారు నాకేసి చూశారు. ఆ తర్వాత అయిదు నిమిషాలకు నలభై మందిమీ బయట మెట్ల మీద ఉన్నాం. మిగతా గదుల్లో ఏమున్నాయో నాకు ఈ రోజుకీ తెలియదు.

తిరుగు రైల్లో సారు మాకు దూరంగా వెళ్ళి కూర్చున్నారు. నాయన ఆ వేలు పిడికిట్లో దాచుకుని కూర్చున్నాడు. కాపలా ఆయన అడిగినప్పుడు నువ్వెవరో తెలియనట్టు ఉండిపోయాను నాయనా, అని చెప్పేశాను.

"చూసినాలే" అన్నాడు. "నీ తావున నేనున్నా అదే చేసుందును."

హిందూపురం దాటాక సారు లేచొచ్చి నాయన పక్కన కూర్చున్నారు. ఇప్పుడు తిడతారని నేను కళ్ళు దించుకున్నాను. ఆయన అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి అడిగారు.

"ఏమప్పా... తాకితే ఎట్లుండాది?"

"గరుకు సార్. సున్నం కొట్టిన గోడ మాదిరి."

సారు తల ఊపి, నోట్సు తీసి అది కూడా రాసుకున్నారు. మా తర్వాతి క్లాసువాళ్ళకు మాత్రం టూరు లేకుండా పోయింది. వాళ్ళు మమ్మల్ని ఏడాదంతా తిట్టుకున్నారు.

మొన్న మా అమ్మాయితో ఇంకో మ్యూజియానికి వెళ్ళాను. ఎవరూ కేకలేయలేదు. బొమ్మకు వీపు పెట్టి నిలబడి, ఫోన్లో ఫోటో తీసుకుని, చకచకా కదిలిపోతున్నారు... అందరూ ఎంతో పద్ధతిగా ఉన్నారు. తప్పు కనబడేదాకా ఒక్క బొమ్మను చూస్తూ నిలబడే తీరిక మాత్రం ఎవరికీ ఉన్నట్టు లేదు, నాతో సహా...

మీ ఇంటి పెద్దవాళ్ళ వల్ల మిమ్మల్ని ఎక్కడి నుంచైనా ఇట్లా బయటికి పంపించేసిన సంగతులు ఉన్నాయా? ఉంటే రాయండి... మా నాయనకు చదివి వినిపిస్తాను.